మూడో తలుపు దగ్గర ఎల్విస్

పోయిన ఏడాది అంత్యక్రియల పూజలో ఫాదరు గారు "మన సోదరుడు ఎల్విస్ లాగ్మాన్" ఆత్మశాంతి కోసం ప్రార్థించారు. అందులో ఫాదరు గారి తప్పేమీ లేదు. ఆయన వేరే ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి. చర్చి ఆఫీసులో పేరు రాయించింది పక్కింటావిడ. ఆవిడకు తెలిసిన పేరు అదే. ఆ మాటకొస్తే వీధి మొత్తానికి తెలిసిన పేరు అదే. చర్చి నిండా ఉన్న జనం తలలు వంచుకుని "ఆమెన్" అన్నారు. ఒక్కరు నవ్వలేదు, ఒక్కరు ఉలిక్కిపడలేదు. ముందు వరసలో కూర్చున్న ఫిదేలా మాత్రం తలెత్తి చూసింది. అప్పటిదాకా కారుతున్న కన్నీళ్లు ఆగిపోయాయి. పెట్టెలో పడుకున్నది తన భర్త, ప్రార్థన వెళ్లింది ఇంకెవరికో అనిపించింది.

అందుకని ఈసారి, ఏడాది నిండి సంతాపపు నల్లబట్టలు విడిచే రోజు దగ్గర పడగానే, తనే చర్చి ఆఫీసుకు వెళ్లింది. నల్లబల్ల మీద రాసి రాసి అలవాటైన చేత్తో, విడివిడిగా, గుండ్రంగా రాసి ఇచ్చింది: అంబ్రోసియో లాగ్మాన్.

ఆఫీసులో అమ్మాయి చదివి, "ఈయన మీకేమవుతారు మేడం?" అంది.

"నా భర్త."

"అదేంటి, ఎల్విస్ తాత కదా మీ..." అని ఆ పిల్ల మధ్యలోనే ఆగిపోయింది. టీచరమ్మకు ఇద్దరు భర్తలేమోనన్న అనుమానం మొహంలో దాచుకోలేకపోయింది.

ఈ ఉదయం పూజలో ఫాదరు గారు పేరు సరిగ్గానే చదివారు. ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి పక్కనున్నామెను గుసగుసగా అడిగింది. "అంబ్రోసియో ఎవరే? మన వీధిలో ఇంకెవరన్నా పోయారా?"

ఫిదేలా వెనక్కి తిరగలేదు.

ఫిలిప్పీన్స్‌లోని ఒలంగాపో రేవులో అమెరికా యుద్ధనౌకలు ఆగినంత కాలం మాగ్‌సేసే వీధిలో బార్లకు లెక్క లేదు. ప్రతి బారుకూ ఒక బ్యాండు, ప్రతి బ్యాండుకూ ఒక గొంతు. నావికులకు తమ దేశం మీద బెంగ. ఆ బెంగ తీర్చడానికి అక్కడి రేడియోల్లో మోగే గొంతులే కావాలి. అందుకే ప్రతి తలుపు మీదా పెద్దక్షరాల్లో ఎవరో ఒక పెద్ద గాయకుడి పేరు ఉండేది. ఒలంగాపో టామ్ జోన్స్, ఒలంగాపో డయానా రాస్, ఒలంగాపో ఎల్విస్. సొంత పేరుతో పాడినవాడు ఆ వీధిలో లేడు. వంతెన వైపు నుంచి మూడో తలుపు అంబ్రోసియోది. వరి పొలాల మధ్య నుంచి వచ్చినవాడు. ఇంగ్లీషు మాట్లాడమంటే తడబడతాడు, పాడమంటే మాత్రం అసలు ఎల్విస్ ఊరు మెంఫిస్‌లో పుట్టినవాడిలా పాడతాడు. ఫిదేలా అక్కడికి వెళ్లి వినలేదు. బడిలో పనిచేసే ఆడవాళ్లు ఆ వీధిలో అడుగు పెట్టేవాళ్లు కాదు. అది వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకున్న విషయం కూడా కాదు. ఆయన పాడుకుని వచ్చేవాడు, ఆమె లేచి బడికి వెళ్లేది.

తర్వాత నౌకలు వెళ్లిపోయాయి, దీపాలు ఆరిపోయాయి. అంబ్రోసియో కొన్నాళ్లు పెళ్లిళ్లలో పాడాడు. ఆ తర్వాత ఇంటి ముందు బల్ల వేసుకుని ఫ్యాన్లు బాగుచేశాడు. ఫ్యాన్ తెచ్చేవాళ్లు కూడా "ఎల్విస్ అన్నా, ఇది తిరగడం లేదు, చూడవా" అనేవాళ్లు.

అక్కడితో ఆ పేరు ఆయనతోనే పోయుండేది. పోకుండా పట్టుకున్నవాడు రొమ్మెల్ దకనాయ్.

రొమ్మెల్ తల్లి ఒక బారులో వంటమనిషి. వాడు స్పీకరు పెట్టెల వెనక నిద్రపోతూ పెరిగాడు. నాలుగో తరగతిలో ఫిదేలా దగ్గర చదువుకున్నాడు, చదువుకున్నదానికన్నా బల్ల మీద దరువేసిందే ఎక్కువ. పెద్దయ్యాక మనీలా వెళ్లి బ్యాండు పెట్టి, పాటలు రాసి పేరు తెచ్చుకున్నాడు. వాడి పాటల్లో ఎక్కువమంది నోళ్లలో నలిగింది ఈ వీధి మీద రాసిందే. అందులో కథంటూ ఏమీ లేదు. ఒక మనిషి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ, ఒక్కో తలుపు దగ్గర ఎవరు పాడుతున్నారో చెబుతాడు. అంతే.

మొదటి తలుపు దగ్గర టామ్ జోన్స్, చొక్కాకి మిగిలినవి రెండే గుండీలు.
రెండో తలుపు దగ్గర డయానా రాస్, చెప్పులు చేతిలో, ఆకాశం గొంతులో.
మూడో తలుపు దగ్గర ఎల్విస్, జ్వరం ఒంటి మీద తెల్లకోటు,
పాట అయ్యేదాకా వణకడు, పాట అయ్యాక నిలబడడు.

జీపునీల్లో, ఊళ్లో తిరిగే ఆ పొడుగాటి జీపుబస్సుల్లో, ఆ పాట వినిపించేది. కాలేజీ పిల్లలు మూడో తలుపు రాగానే గొంతులు కలిపి "ఎల్విస్" అని అరిచేవాళ్లు. ఆ పిల్లల మధ్య ఒళ్లో సంచి పెట్టుకుని ప్రయాణం చేసిన రోజులు ఫిదేలాకు ఉన్నాయి. జ్వరం సంగతి ఆమెకు బాగా గుర్తు. డెంగ్యూ అది. ఆయన ఇంటికి వచ్చి గడప దాటకుండానే కూలబడిపోయాడు. నుదుటి మీద తడిగుడ్డ వేసింది, గంజి తాగించింది తను. ఆ గుడ్డ కింద ఉన్నవాడు ఎల్విస్ కాదు.

వాళ్లకు పిల్లలు లేరు. సమాధి రాయి మీద ఆయన సొంత పేరు ఉంది కానీ ఆ రాయి దగ్గరకు వెళ్లేది ఆమె ఒక్కతే. ఆమె తర్వాత ఎవరూ వెళ్లరు. పాట మాత్రం ఉంటుంది.

పోయిన వారం రొమ్మెల్ ఫోన్ చేశాడు. ఆ పాటను మళ్లీ రికార్డు చేస్తున్నాడట. మొదటిసారి చేతిలో ఏమీ లేని రోజుల్లో హడావిడిగా చేసిందట. ఈసారి వీధిలో నిజంగా పాడినవాళ్ల గొంతులు కూడా కలపాలని వాడి కోరిక. "అంకుల్ కోసం కట్టిన నలుపు మీరు విడిచే రోజున ఎలాగూ అందరూ మీ ఇంటికి వస్తారు కదా టీచర్. నేనూ వస్తాను. మీ పెరట్లోనే రికార్డు చేసుకుంటాం. ఇక దీన్ని మళ్లీ ముట్టుకోను. ఇదే ఉండిపోతుంది."

"రా నాయనా," అంది ఫిదేలా. ఇంకో మాట కూడా అడగాలనుకుంది. కానీ ఫోన్లో అడిగేది కాదని ఊరుకుంది.

పెరట్లో నీలం టార్పాలిన్ కట్టారు. దాని కింద అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. బల్ల మీద పన్సిత్ నూడుల్స్, అదోబో మాంసం కూర, అరిటాకులో కొబ్బరిపాల బెల్లపన్నం. చర్చి నుంచి వచ్చిన చుట్టాలు, పక్కిళ్లవాళ్లు తిని, చేతులు కడుక్కుని, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలింది ముగ్గురు ముసలివాళ్లు. టామ్ జోన్స్ ఇప్పుడు మంగలి షాపు నడుపుతున్నాడు. డయానా రాస్ బజారులో చేపలు అమ్ముతుంది. డ్రమ్ములు వాయించే రింగో, జీపునీ తోలడం మానేశాక, దాన్ని తోలే అల్లుణ్ణి తిట్టడం పనిగా పెట్టుకున్నాడు. టామ్, డయానా వేరే తలుపులవాళ్లే అయినా, తమ బారులో జనం పల్చబడితే మూడో తలుపుకు వచ్చి అక్కడ గొంతు కలిపేవాళ్లు.

"వదినా, ఇంకా ఆ నల్లగౌనులోనే ఉన్నావేంటి?" అంది డయానా, పళ్లెంలో ఎముక పక్కకు పెడుతూ. "పూజ అయిపోయింది. పూలగౌను నేను తెచ్చిందే కదా. లోపల మంచం మీద పెట్టాను, కళ్లు లేవా?"

"మార్చుకుంటాలే. ముందు ఆ అబ్బాయి రానీ."

"ఆ అబ్బాయి నీ గౌను చూడ్డానికి వస్తున్నాడా?" అన్నాడు టామ్.

"నువ్వు తినవయ్యా, మాటలు తగ్గించి," అంది డయానా. "నీ పళ్లు నిన్న కట్టించుకున్నావుట. అవి ఊడి అదోబోలో పడితే వదిన వాటిని వెల్లుల్లి రెబ్బలనుకుని వడ్డిస్తుంది."

రొమ్మెల్ వచ్చేసరికి వాళ్లు ఇంకా నవ్వుతున్నారు. భుజాన గిటారు, చేతిలో రికార్డు చేసే ఒక చిన్న నల్లపెట్టె. నలభై దాటినవాడు, జుట్టు అక్కడక్కడ నెరిసింది. లోపలికి రాగానే సరాసరి ఫిదేలా దగ్గరకు వెళ్లి, పెద్దవాళ్లకు చేసే మర్యాదగా ఆమె చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. తర్వాత మిగిలిన ముగ్గురి చేతులూ అలాగే తీసుకున్నాడు.

"చిక్కిపోయావురా," అంది డయానా. "మనీలాలో అన్నం దొరకదా?"

"దొరుకుతుంది ఆంటీ. తినే తీరిక దొరకదు."

"ఇక్కడ దొరుకుతుంది, కూర్చో."

వాడు తింటున్నంతసేపూ ఫిదేలా ఎదురు కుర్చీలో కూర్చుని చూసింది. రెండోసారి పన్సిత్ వడ్డించింది. వాడు చేతులు కడుక్కుని, నల్లపెట్టె బల్ల మీద పెట్టి, తీగలు సర్దడం మొదలుపెట్టాక అడిగింది.

"రొమ్మెల్, నీ పాటలో ఒక మాట మార్చగలవా?"

వాడు తలెత్తాడు. టీచర్ ఏదైనా అడిగితే వాడు ఇప్పటికీ కాస్త నిటారుగా కూర్చుంటాడు. "ఏ మాట టీచర్?"

"మూడో తలుపు దగ్గర ఆయన సొంత పేరు పెట్టు. అంబ్రోసియో."

పక్కింటి పందెంకోడి ఒకటి కూసి ఊరుకుంది. రొమ్మెల్ గిటారు మీద అరచెయ్యి ఆనించాడు.

"రాసేటప్పుడు నేను అంకుల్‌ని అడిగాను టీచర్," అన్నాడు. "అబద్ధం చెప్పను. మీ పేరు పెట్టనా అని అడిగాను. ఆయన ఫ్యాన్ విప్పి కూర్చుని ఉన్నారు. నవ్వేశారు. 'ఆ పేరు పెడితే ఎవడు వింటాడురా, అదేమైనా పేరా, మా తాతది తీసి నాకు పెట్టారు' అన్నారు. 'ఎల్విస్ అను, తలెత్తి చూస్తారు' అన్నారు."

ఫిదేలా ఆ మాటల్ని మనసులో ఆయన గొంతుతో విని చూసుకుంది. సరిగ్గా అలాగే అని ఉంటాడు. నోట్లో స్క్రూ పట్టుకుని, చూపు ఫ్యాన్ మీద నుంచి తియ్యకుండా.

"ఆయన అలాగే అనుకునేవాడు," అంది. "తన పేరుకు విలువ లేదనుకునేవాడు. నేను ఎప్పుడూ అలా అనుకోలేదు. మనిషి పోయాక కూడా ఆయన మాటే చెల్లాలా?"

రొమ్మెల్ గిటారు సర్దుకుని, "చూద్దాం టీచర్" అన్నాడు. వేళ్లతో మెల్లగా మీటుతూ మొదటి తలుపు పాడాడు, రెండో తలుపు పాడాడు. మూడో తలుపు దగ్గరకు వచ్చేసరికి కాస్త నెమ్మదించి, ఎల్విస్ ఉండే చోట అంబ్రోసియోను పెట్టి, పేరు పొడవుకు తగ్గట్టు వరసను ఇటు కొంచెం, అటు కొంచెం లాగి, ఎలాగో దాటించాడు. కొత్తగా కుట్టిన చొక్కా భుజాల దగ్గర పట్టినట్టుంది పాట.

రింగో గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. కానీ ఈ అంబ్రోసియో ఎవరు?"

టామ్ వాడి మోకాలి మీద కొట్టాడు. "ఎవరంటావేంటిరా? మనవాడే! ఎల్విసే!"

"ఎల్విస్ పేరు అంబ్రోసియోనా?" అన్నాడు రింగో. వాడు వేళాకోళం ఆడటం లేదు. బుగ్గలు ముడతలు పడ్డ ఆ మొహంలో నిజమైన ఆశ్చర్యం. "ఎన్నేళ్లు వాడి వెనక కూర్చుని వాయించాను! వాడి వీపు మీద పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పమంటే చెబుతాను. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదే!"

"పొద్దున పూజలో చదివారు కదయ్యా," అంది డయానా.

"పూజలో నేను పడుకున్నాను."

నవ్వకూడదనుకుంటూనే ఫిదేలా నవ్వింది. నవ్వుతూనే ఆమెకు ఇంకొకటి తట్టింది. బడిలో ఎంతమంది పిల్లల పేర్లు ఆమెకు నోటికి వచ్చేవో! ఈ ముగ్గురూ ఏళ్ల తరబడి తన ఇంట్లో అన్నం తిన్నారు. వాళ్లను టామ్ అని, డయానా అని, రింగో అని తప్ప ఆమె ఏనాడూ పిలవలేదు.

"మీ పేర్లేంటి?" అని అడిగింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, ఎవరు ముందు బయటపడతారా అన్నట్టు.

"నాది వెన్సెస్లావో," అన్నాడు టామ్.

"నాది తెయోఫిలో," అన్నాడు రింగో. "మా ఆవిడ కోపమొచ్చినప్పుడు మాత్రం అలా పిలుస్తుంది. ఆ మాట వినపడితే నేను బయటికి పోతాను."

డయానా కొంగులాగా మెడలో వేసుకున్న తువ్వాలు సర్దుకుంది. "పురిఫికాసియోన్."

"ఏంటీ?" అన్నాడు టామ్.

"విన్నావుగా. పురిఫికాసియోన్. మా అమ్మ నన్ను సన్యాసినుల మఠంలో చేర్పించాలనుకుంది."

"మాగ్‌సేసే వీధిలో చేర్పించింది," అన్నాడు రింగో. ఈసారి డయానా తువ్వాలుతో వాడి నెత్తి మీద ఒకటి అంటించింది.

రొమ్మెల్ నవ్వుతూనే గిటారు పక్కన పెట్టాడు. "అయితే అందరివీ మార్చేద్దామా? వెన్సెస్లావో, పురిఫికాసియోన్, అంబ్రోసియో. వరస కుదిర్చే బాధ నాది."

"నాది ముట్టుకోకు," అంది డయానా వెంటనే. నవ్వు ఆమె మొహంలోంచి పోయింది, కోపం మాత్రం రాలేదు. "నన్ను అపార్థం చేసుకోకు వదినా. నా సొంత పేరుతో నేను చేసిందేముంది? బట్టలు ఉతికాను. పిల్లల్ని కన్నాను. తన్నులు తిన్నాను. చేపలు కడిగాను. డయానాగా మాత్రం పాడాను. ఆ రెండో తలుపు దగ్గర నిలబడింది డయానాయే. అక్కడికి పురిఫికాసియోన్‌ను తీసుకెళ్లి నిలబెడితే దానికి ఏం పాడాలో కూడా తెలియదు. బిక్కచచ్చిపోయి నిలబడుతుంది."

"నాదీ అంతే," అన్నాడు టామ్. "ఆ పేరు మనది కాదంటారు. అద్దెకు తెచ్చుకున్నామంటారు. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ కాపురం చేసింది మనమే కదా వదినా?"

ఫిదేలా బల్ల మీద అన్నం మెతుకు ఒకటి పడి ఉంటే వేలితో తీసి పళ్లెంలో వేసింది. వాళ్ల మాట అబద్ధం కాదు. రొమ్మెల్ వరస లాగి పాడినప్పుడు ఆమెకూ తెలిసింది. మూడో తలుపు దగ్గర తెల్లకోటులో వణుకు ఆపుకుంటూ నిలబడ్డ మనిషిని వీళ్లు చూశారు, తను చూడలేదు. తను చూసింది గడప దగ్గర కూలిన మనిషిని. ఆ తెల్లకోటు మనిషిని పాటలోంచి తీసెయ్యమనడం తనకు న్యాయం కాదు. అలాగని గడప దగ్గరి మనిషి ఎక్కడా వినపడకుండా పోవడం కూడా ఆమె ఒప్పుకోలేదు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలియక కూర్చుంది.

"మీ పేర్లు ఆయనకు తెలుసా?" అని అడిగింది, ఏదో ఒకటి అడగాలని.

"తెలిసే ఉంటాయి. జీతాల కాగితం వాడే రాసేవాడు," అన్నాడు రింగో. "కానీ రోజూ మమ్మల్ని జనానికి పరిచయం చేసేది మాత్రం బోర్డు మీద పేరుతోనే. పాట మధ్యలో గొంతు ఆగి బ్యాండు ఒక్కటే మోగుతుంది చూడు, అక్కడ. 'గిటారు మీద ఫలానా' అనేవాడు, ఆ గిటారువాడు నాలుగు మీటులు మీటేవాడు. 'గొంతు కలపడానికి రెండో తలుపు నుంచి డయానా' అనేవాడు. ఆఖర్న నా వంతు. నా పేరు చెప్పే ముందు కాస్త ఆగేవాడు. ఆ ఆగడంలో ఉంది మజా. తాగి పడున్నవాడు కూడా తలెత్తేవాడు. అప్పుడు 'రింగో' అనేవాడు. నేను డబడబా వాయించి, డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి తాళం మీద ఒక్కటి కొట్టేవాణ్ణి. ఏ బారులోనైనా అంతే పద్ధతి."

"మరి ఆయన్ను ఎవరు పరిచయం చేసేవాళ్లు?"

రింగో టామ్ వైపు చూశాడు. టామ్ తన షాపులో ఎవరో కొత్త రకం క్రాపు అడిగినట్టు ఆలోచించాడు.

"పాడేవాడే కదా వదినా పరిచయం చేసేది. పాడేవాణ్ణి ఎవరు చేస్తారు? నా తలుపు దగ్గర నన్నూ ఎవరూ చెయ్యలేదు. మన పని అయ్యాక వంగి దండం పెడతాం. బయట బోర్డు ఉంటుంది. అంతే."

"ఎవరూ చెయ్యలేదా? ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా," అన్నాడు రింగో, ఆ సంగతి తనకూ ఇప్పుడే తెలిసినట్టు.

ఫిదేలా లేచి ఇంట్లోకి వెళ్లింది. వాళ్లు ఆమె నొచ్చుకుందనుకున్నారు. "నువ్వు పూజలో పడుకున్నానని చెప్పాల్సింది కాదు" అని టామ్ రింగోను గదిమాడు. "నువ్వు అద్దె ఇల్లు అన్నావు, అది బాగుందా?" అని రింగో ఎదురు తిరిగాడు. డయానా ఇద్దరినీ నోరు మూసుకోమంది. రొమ్మెల్ నల్లపెట్టెను ఊరికే అటూ ఇటూ జరిపాడు.

ఆమె బయటికి వచ్చేసరికి ఒంటి మీద పూలగౌను ఉంది. పసుపు మీద తెల్లపూలు. ఏడాది తర్వాత రంగు వేసుకున్న మనిషి నడిచినట్టే, కాస్త తడబడుతూ నడిచి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. డయానా ఆమె భుజం మీద ముడత సరిచేసింది.

"నీ పాట ఉన్నదున్నట్టే ఉంచు," అంది ఫిదేలా రొమ్మెల్‌తో. "ఎల్విస్‌ను తియ్యకు. మూడో తలుపు అయ్యాక గొంతు ఆగి వాద్యాలు మోగే చోటు ఉందా?"

"ఉంది టీచర్."

"ఆ చోటు నాకివ్వు. నేను చెబుతాను."

రొమ్మెల్ లేచి నల్లపెట్టెను ఆమె వైపు జరిపాడు. రింగోకు సరైన డ్రమ్ములేవీ లేవు. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్టు, దాని పక్కన తాళానికి బదులు కుర్చీకి వేలాడదీసిన వంటింటి పళ్లెం, అంతే. రెండు పుల్లలు మాత్రం జేబులోంచి తీశాడు. జీపునీ తోలిన రోజుల్లో కూడా అవి ఆ జేబులోనే ఉండేవి.

మొదటిసారి సగం దాకా బాగానే నడిచింది. టామ్ గొంతు పగిలింది కానీ చెడలేదు. డయానా కళ్లు మూసుకుని అందుకునేసరికి, బజారులో చేపల ధర అరిచే గొంతు అదేనంటే ఎవరూ నమ్మరు. మూడో తలుపు అయిపోయింది. గిటారు ఒక్కటే మిగిలింది. రొమ్మెల్ ఆమె వైపు తల ఊపాడు.

"గాయకుడి పేరు అంబ్రోసియో లాగ్మాన్," అంది ఫిదేలా స్పష్టంగా.

రొమ్మెల్ వాయించడం ఆపి, పెదవి కొరుక్కున్నాడు. "టీచర్, ఏమీ అనుకోకండి. డిక్టేషన్ చెప్పినట్టుంది. నాకు పలక తీసుకుని రాసుకోవాలనిపించింది."

"నాకైతే గోడకుర్చీ వెయ్యాలనిపించింది," అన్నాడు టామ్.

ఫిదేలా కూడా నవ్వింది. "నాకు వచ్చింది అదొక్కటే. ఎలా చెప్పాలి మరి?"

"పేరు ముందు ఆగు వదినా," అన్నాడు రింగో. పుల్లలు పక్కన పెట్టి ముందుకు వంగాడు. "'పాడుతున్నది' అని చెప్పి ఆగు. జనం నీ వైపు తిరిగేదాకా ఆగు. భయపడకు, బ్యాండు నిన్ను పడిపోనివ్వదు, మేం మోగిస్తూనే ఉంటాం. అందరూ తిరిగారని నీకే తెలుస్తుంది. అప్పుడు చెప్పు. గట్టిగా అక్కర్లేదు. మనవాడు గట్టిగా చెప్పేవాడు కాదు. పక్కన ఉన్నవాణ్ణి చూపించినట్టు చెప్పేవాడు."

ఆమె ఆ మాటలు మనసులో ఒకసారి వల్లించుకుంది. రొమ్మెల్ మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి తలుపు, రెండో తలుపు. మూడో తలుపు దగ్గర ముగ్గురూ, రొమ్మెల్ కూడా, గొంతులు కలిపారు. జీపునీల్లో పిల్లలు అరిచే చోట వాళ్లు అరవలేదు. వీధిలో ఎదురైన మనిషిని పలకరించినట్టు "ఎల్విస్" అన్నారు. జ్వరం, తెల్లకోటు, వణుకు అన్నీ దాటిపోయాయి. గిటారు మిగిలింది.

"పాడుతున్నది," అంది ఫిదేలా.

ఆగింది. టామ్ ఆమె వైపు తిరిగాడు. డయానా తిరిగింది. ప్రహరీ అవతల గిన్నెలు తోముతున్న పక్కింటావిడ చప్పుడు ఆపింది. ఆ ఆగిన చోట, తను ఏనాడూ అడుగుపెట్టని ఆ బారులో జనం తలలెత్తడం ఆమెకు తెలిసింది. బకెట్టు మీద దరువు అలా నడుస్తూనే ఉంది, ఆమెను పడిపోనివ్వలేదు.

"అంబ్రోసియో లాగ్మాన్."

గిటారు ముందుకు సాగింది. పళ్లెం మీద పడాల్సిన దెబ్బ పడలేదు. దరువు తప్పిపోయింది. చాలాసేపటికి, ఎక్కడో పనికిరాని చోట, పళ్లెం ఒక్కసారి మోగింది. రొమ్మెల్ నాలుగో తలుపు ఎత్తుకోకుండా ఆపేశాడు.

రింగో పుల్ల చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. "ఆలస్యమైంది," అన్నాడు. "వింటూ ఉండిపోయాను."

"ఫర్వాలేదు రింగో అంకుల్, ఇదే ఉంచేద్దాం. నాకు ఇదే నచ్చింది," అన్నాడు రొమ్మెల్.

"కుదరదు. పేరు చెప్పగానే తాళం పడాలి. అది పద్ధతి. వాడికి ఒక్కసారి జరుగుతున్న పరిచయం, దాన్ని నేను చెడగొట్టనా?" రింగో కళ్లు తుడుచుకుని ఫిదేలా వైపు చూశాడు. "వదినా, మళ్లీ చెప్పగలవా?"

డయానా లేచి గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఫిదేలా సగం తాగి, గ్లాసు కుర్చీ కింద పెట్టి, నల్లపెట్టె వైపు కాస్త జరిగి కూర్చుంది.

"చెబుతాను," అంది. "మొదలుపెట్టండి."